బడి అడిగే కనపడని రుసుము

“రేపు పిల్లలందరూ పసుపు రంగు బట్టల్లో రావాలి.” డైరీలో ఒక్క ముక్క. రాసిన టీచర్‌కు చెడ్డ ఉద్దేశం ఏమీ లేదు, ఏడాదికోసారి వచ్చే సరదా అది. ఒక ఇంట్లో ఆ వాక్యం చదివి బీరువా తెరుస్తారు. ఇంకో ఇంట్లో రాత్రికి రాత్రి తెలిసినవాళ్లను అడిగి ఎలాగో తెస్తారు. మూడో ఇంట్లో అసలు ఆ డైరీ సంచిలోంచి బయటికి రాదు. అమ్మ ఏమంటుందో ఆ పిల్లకు ముందే తెలుసు. అడిగి ఆమెను చిన్నబుచ్చడం కంటే పొద్దున లేచి కడుపునొప్పి అనడం తేలిక. హాజరుపట్టీలో ఒక గైర్హాజరు పడుతుంది. ఇలాంటివి ఏడాదిలో పది పదిహేను పోగయ్యాక స్టాఫ్‌రూంలో ఎవరో ఒకరు అంటారు: “ఆ పిల్లకి చదువు మీద ధ్యాస లేదు.”

పేద పిల్లలకు బడి ఎలా అండగా నిలవాలన్న చర్చ ఎప్పుడూ పెద్ద మాటలతో మొదలవుతుంది. నిధులు, సంస్కరణలు, సమాన అవకాశాలు. వాటి దగ్గరకూ వస్తాను. కానీ పసుపు బట్టల దగ్గర మొదలుపెట్టడానికి కారణం ఉంది. పేదరికం బయటెక్కడో పుట్టి గేటు దాటి లోపలికి వస్తుందని, బడి దాని దెబ్బను తగ్గించడానికి తంటాలు పడుతుందని మనం అనుకుంటాం. చాలాసార్లు బడే దానికి ఇంకొంత కలుపుతుంది. ఉచితమని బోర్డు పెట్టిన చోట కూడా డబ్బు, సమయం, పరువు అనే మూడు రూపాల్లో ఏదో ఒకటి వసూలవుతూనే ఉంటుంది. ముందు ఆ వసూలు ఆపాలి, ఆపైన చదువు బాగా చెప్పాలి. ఈ వరుసలో ఆలోచిస్తే చిక్కుముడి కొంత వదులవుతుందని నా నమ్మకం.

పాత వాదన ఒకటి

1966లో అమెరికాలో సమాజశాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ బృందం ఒక నివేదిక ఇచ్చింది. 6 లక్షలకు పైగా విద్యార్థుల వివరాలతో చేసిన ఆ సర్వే చెప్పిన సంగతి అప్పట్లో చాలామందిని నిర్ఘాంతపరిచింది. పిల్లల మార్కుల్లో కనిపించే తేడాలకు బడి భవనాల కంటే, ప్రయోగశాలల కంటే, ఖర్చు కంటే ఇంటి నేపథ్యమే ఎక్కువ కారణంగా కనిపిస్తోందని దాని సారాంశం. ఆనాటి నుంచి ఈనాటి వరకూ ఆ నివేదిక అవసరమైన వాళ్లకు అవసరమైనట్టు ఉపయోగపడుతూనే ఉంది. “ఇంటి దగ్గరే అలా ఉంటే మేమేం చేస్తాం” అనే టీచర్ చేతిలో, “బడికి డబ్బు పోసి ఏం లాభం” అనే ప్రభుత్వం చేతిలో అదొక సాకు.

ఇక్కడ ఒక మెలిక ఉంది. బడుల మధ్య తేడా తక్కువగా ఉన్నప్పుడు, మార్కుల తేడాలో బడి వాటా కూడా తక్కువగానే కనిపిస్తుంది. దానర్థం బడి పనిచేయడం లేదని కాదు. అన్ని కుండీలకూ ఒకే కొలతలో నీళ్లు పోస్తే మొక్కల ఎత్తులో తేడా నీళ్ల వల్ల వచ్చిందని ఎవరూ అనరు. నీళ్లు ఆపితే మాత్రం అన్నీ ఎండుతాయి.

డబ్బు సంగతి కూడా తరువాతి పరిశోధనలు వేరే విధంగా చూపాయి. కిరాబో జాక్సన్, రకర్ జాన్సన్, క్లాడియా పెర్సికో 2016లో ప్రచురించిన అధ్యయనం అమెరికాలో కోర్టు తీర్పుల కారణంగా ఖర్చు పెరిగిన బడుల పిల్లలను పెద్దయ్యేదాకా అనుసరించింది. 12 ఏళ్ల చదువు పొడుగునా ఒక్కో విద్యార్థి మీద ఖర్చు 10 శాతం పెరిగితే, పెద్దయ్యాక వాళ్ల సంపాదన దాదాపు 7 శాతం ఎక్కువగా ఉంది. పేద కుటుంబాల పిల్లల్లో ఆ ప్రభావం ఇంకా ఎక్కువ. కాబట్టి డబ్బు ముఖ్యం. అయితే ఏ డబ్బు, ఎక్కడ, ఎలా అన్నదాని మీద అంతా ఆధారపడి ఉంటుంది.

ధ్యాస ఎక్కడికి పోతుంది?

“ధ్యాస లేదు” అన్న ఆ స్టాఫ్‌రూం మాటను కాస్త పట్టుకుందాం. అందులో సగం నిజం ఉంది. ధ్యాస నిజంగానే లేదు. అది ఎక్కడికి పోయిందన్నది ఎవరూ అడగలేదు, అంతే.

2013లో ‘సైన్స్’ పత్రికలో ఆనంది మణి, సెంథిల్ ముల్లైనాథన్, ఎల్దార్ షఫీర్, జియాయింగ్ జావో ఒక అధ్యయనం ప్రచురించారు. తమిళనాడులో 464 మంది చెరకు రైతులకు తర్కం, ఏకాగ్రతలకు సంబంధించిన పరీక్షలు రెండుసార్లు పెట్టారు. పంట చేతికి రాకముందు, చేతిలో డబ్బు ఆడని రోజుల్లో ఒకసారి. పంట అమ్మి డబ్బు అందాక ఇంకోసారి. మనుషులు వాళ్లే. డబ్బు లేని రోజుల్లో ఫలితాలు బాగా తగ్గాయి, డబ్బు వచ్చాక మెరుగయ్యాయి. కొన్ని నెలల్లో ఎవరి తెలివీ పెరిగిపోదు కదా. లెక్క తేలని చింత ఒకటి బుర్రలో చోటు ఆక్రమించి ఉంటే మిగతా పనికి చోటు తగ్గుతుంది. ఈ రంగంలోని కొన్ని ఇతర ఫలితాలు మళ్లీ చేసిన ప్రయోగాల్లో అంత గట్టిగా నిలవలేదు. ఆ ప్రభావం ఎంత పెద్దదన్న వాదం ఇంకా నడుస్తోంది. అయినా ఇల్లు ఖాళీ చేయమన్న మరునాడు భిన్నాల కూడికలు చేయవలసి వచ్చిన పిల్లవాడి పరిస్థితి ఊహించడానికి ఏ పత్రికా అక్కర్లేదు.

మరో ప్రసిద్ధమైన ప్రయోగం ఉంది. మనస్తత్వ శాస్త్రవేత్త వాల్టర్ మిషెల్ 1960ల చివర్లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో మొదలుపెట్టింది. పిల్లల ముందు ఒక మిఠాయి పెట్టి, నేను తిరిగి వచ్చేదాకా తినకుండా ఆగితే రెండోది ఇస్తాను అంటారు. ఆగగలిగిన పిల్లలు పెద్దయ్యాక బాగా రాణించారన్న కథ వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో ఎన్ని వేల సార్లు తిరిగిందో లెక్కలేదు. పేదవాళ్లకు నిగ్రహం తక్కువ, అందుకే అలా ఉన్నారు అన్న ముక్తాయింపు దాని తోక పట్టుకుని వచ్చింది. 2018లో టైలర్ వాట్స్, గ్రెగ్ డంకన్, హవోనన్ క్వాన్ ఇంకా పెద్ద, అన్ని రకాల కుటుంబాలూ ఉన్న పిల్లల సమూహం మీద అదే సంబంధాన్ని వెతికారు. దాని బలం సగానికి తగ్గింది. కుటుంబ నేపథ్యాన్నీ చిన్నప్పటి ఇతర పరిస్థితులనూ లెక్కలోకి తీసుకుంటే అందులో మిగిలింది బహు కొద్ది.

నాకు అంతకంటే ఎక్కువ నచ్చేది సెలెస్ట్ కిడ్, ఆమె సహచరులు 2013లో వెలువరించిన చిన్న ప్రయోగం. 28 మంది పిల్లలు. మిఠాయి పరీక్షకు ముందు సగం మందికి బొమ్మలు వేసుకోవడానికి మంచి సామాన్లు తెస్తామని మాటిచ్చి తెచ్చారు. మిగతా సగానికి మాటిచ్చి, “అయ్యో, లేవు” అని ఉత్త చేతులతో వచ్చారు. తర్వాత మిఠాయి పెట్టారు. మాట నిలబెట్టుకున్న మనిషి ముందు పిల్లలు సగటున 12 నిమిషాలు ఆగారు. మాట తప్పిన మనిషి ముందు 3 నిమిషాలు. చేతిలో ఉన్నది ఇప్పుడే తినేయడం నిగ్రహం లేక కాదు, లోకజ్ఞానం ఉండి! “ఇప్పుడు కష్టపడితే పదేళ్లకు ఫలితం” అని బోర్డు మీద రాసే బడి, తాను ఇచ్చిన చిన్న మాటలు ఎన్ని నిలబెట్టుకుందో చూసుకోవాలి. వచ్చే సోమవారం ఇస్తామన్న పుస్తకం వచ్చే సోమవారం వచ్చిందా? నిన్ను మళ్లీ పిలుస్తానన్న టీచర్ పిలిచిందా? పేద పిల్లల బడుల్లో టీచర్లు ఎక్కువగా మారుతుంటారన్నది చాలా దేశాల అనుభవం. ప్రతి బదిలీతో ఒక పరిచయం తెగుతుంది, ఒక మాట గాలికి పోతుంది.

ధ్యాసను తినేసేవన్నీ ఇంత లోతైనవి కావు. కొన్ని మరీ మామూలువి. బోర్డు కనపడదు, పన్ను నొప్పి, సరిపడా నిద్ర లేదు. అమెరికాలోని బాల్టిమోర్ నగరంలో పిల్లలకు బడిలోనే కంటి పరీక్ష చేసి ఉచితంగా కళ్లద్దాలిచ్చారు. 2021లో వెలువడిన ఫలితాల ప్రకారం మొదటి ఏడాది వాళ్ల చదవడం మెరుగైంది. రెండో ఏడాదికి ఆ మెరుగు నిలవలేదు. అద్దాలు పగిలి ఉంటాయి, పోయి ఉంటాయి, పిల్లలు పెట్టుకోవడం మానేసి ఉంటారు అన్నది పరిశోధకుల ఊహల్లో ఒకటి. పథకాల రూపకర్తలు ఈ రెండో ఏడాది దగ్గర కాసేపు ఆగి చూడాలి. ఫొటో తీసేది అద్దాలిచ్చిన రోజునే. పగిలిన రోజు అక్కడ ఎవరూ ఉండరు.

పరువు అనే రుసుము

ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ కేంద్రంగా పనిచేసే ‘చిల్డ్రన్ నార్త్ ఈస్ట్’ అనే సంస్థ బడులకు ఒక రకమైన తనిఖీ చేస్తుంది. బయటివాళ్లు వచ్చి పిల్లలతోనే మాట్లాడి, బడి రోజులో డబ్బు లేనితనం ఎక్కడెక్కడ బయటపడుతోందో పట్టిక తయారుచేస్తారు. స్కాట్లాండ్‌లోనూ ‘బడి రోజు ఖర్చు’ అనే అర్థం వచ్చే పేరుతో ఇలాంటి పనే నడిచింది. ఇలాంటి తనిఖీల్లో తేలే విషయాలు చదివితే మొదట ఆశ్చర్యం వేస్తుంది, వెంటనే ఇందులో ఆశ్చర్యపోవడానికి ఏముంది అనిపిస్తుంది. యూనిఫాం అక్కర్లేని ప్రత్యేక దినాలు. విరాళాల పెట్టెలు. డబ్బు కట్టినవాళ్లే వెళ్లే విహారయాత్ర, కట్టనివాళ్లు ఆ రోజు ఖాళీ తరగతిలో. సెలవులు ముగిసిన తొలిరోజే “ఎక్కడికెళ్లారో వ్యాసం రాయండి”. ఫీజు బకాయి ఉన్నవాళ్ల పేర్లు తరగతిలో పైకి చదవడం. ఒక్కొక్కటీ చిన్నదే. అన్నీ ఒకే పిల్ల మీద, వారం వారం పడతాయి.

భోజనం విషయంలో ఇది ఇంకా పచ్చిగా కనిపిస్తుంది. అమెరికాలో భోజనం బకాయి పడిన పిల్లల చేతి మీద ముద్ర వేయడం, అందరి ముందూ బల్లలు తుడిపించడం, వడ్డించిన పళ్లెం వెనక్కి తీసుకుని చెత్తలో పడేయడం దాకా వెళ్లాయి కొన్ని బడులు. ఆ ఆహారం అప్పటికే వండారు, వడ్డించారు, ఇంకెవరికీ పనికిరాదు. ఆదా అయింది సున్నా. పోయింది ఒక పిల్లవాడి తలెత్తుకునే ధైర్యం. ఈ అవమానాన్ని చట్టంతో నిషేధించిన మొదటి రాష్ట్రం న్యూ మెక్సికో, 2017లో.

దీనికి విరుగుడు ఏమిటన్న దగ్గర అసలైన వాదం మొదలవుతుంది. సాయం పేదలకు మాత్రమేనా, అందరికీనా? పేదలకు మాత్రమే అంటే ఖర్చు తక్కువ, నిజంగా అవసరమైనవాళ్లకే వెళ్తుంది అన్నది ఒక వాదం. కాగితం మీద అది నిక్షేపంగా ఉంటుంది. ఆచరణలో ఎవరు పేద అని తేల్చడానికి దరఖాస్తు, ధ్రువపత్రం, సంతకం, ఇంకో సంతకం. ఒక రోజు కూలి వదులుకుని ఆఫీసు చుట్టూ తిరగాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, హక్కు చట్టంలో ఉంటుంది, అది కౌంటర్ దగ్గర ఆగిపోతుంది. అంతకుమించి ఉచితం తీసుకునే వరుస వేరుగా ఉంటే ఆకలితో ఉన్నవాళ్లే ఆ వరుసలో నిలబడరు. పన్నెండు పదమూడేళ్ల వయసులో ఆకలి కంటే పరువే పెద్దది.

ఫిన్లాండ్ మాత్రం 1948 నుంచి బడి పిల్లలందరికీ ఉచిత భోజనం పెడుతోంది. ఎవరి ఆదాయమూ అడగదు. అమెరికాలో 2010 నాటి చట్టం మధ్యేమార్గం ఒకటి తెరిచింది. పేద కుటుంబాల పిల్లలు ఒక నిష్పత్తికి మించి ఉన్న బడి, దరఖాస్తులు తీసుకోకుండా అందరికీ పెట్టవచ్చు. ఆ నిష్పత్తి మొదట 40 శాతం, 2023లో 25కు తగ్గించారు. పేదరికాన్ని పిల్ల స్థాయిలో కాక బడి స్థాయిలో కొలవడం అన్నమాట. సాయం సాయంగానే అందుతుంది, ఏ పిల్లా చేయి ఎత్తక్కర్లేదు.

దీని వల్ల ఒక చిక్కు కూడా వచ్చిపడింది. అంతకుముందు ఉచిత భోజనానికి అర్హులెందరు అన్న లెక్కే అక్కడ పేదరికానికి కొలబద్ద. నిధుల పంపకానికీ, పరిశోధనకూ అదే ఆధారం. అందరికీ పెట్టడం మొదలయ్యాక ఆ కొలబద్ద మొద్దుబారింది. ఎవరినీ వేలెత్తి చూపకూడదు, అదే సమయంలో ఎవరికి ఎక్కువ అవసరమో తెలియాలి. ఈ రెండిటికీ పొసగదు. నా మట్టుకు నాకు అనిపించేది ఇది: తరగతి గదిలో కంటికి కనిపించేదేదైనా, అంటే భోజనం, పుస్తకాలు, బట్టలు, యాత్ర, అందరికీ ఒకేలా ఉండాలి. కనిపించకుండా చేయగలిగినది, అంటే బడికి అదనపు నిధులు, కుటుంబానికి నగదు, సాయంత్రం అదనపు బోధన, అవసరాన్ని బట్టి ఉండవచ్చు. ఇంగ్లండ్‌లో 2011 నుంచి ఉన్న ‘ప్యూపిల్ ప్రీమియం’ ఈ రెండో రకానిది. గత ఆరేళ్లలో ఎప్పుడైనా ఉచిత భోజనానికి అర్హత పొందిన పిల్లల లెక్కన బడికి అదనపు డబ్బు వస్తుంది. నిరుడు కాస్త కోలుకున్న ఇంటిని ఈ ఏడే జాబితాలోంచి కొట్టేయకపోవడం అందులో తెలివైన పని. పేదరికం ఒక్క రోజులో పోదు. వెళ్లినట్టే వెళ్లి తిరిగొస్తుంది.

అడ్డు తీసినంత మాత్రాన చదువు రాదు

ఇంతవరకూ చెప్పినదంతా చేసి, చదువు చెప్పడం మరిచిపోయే బడులూ ఉన్నాయి. కెన్యాలో పాఠ్యపుస్తకాల కొరత తీవ్రంగా ఉన్న బడులకు ఉచితంగా పుస్తకాలిచ్చి చూశారు పాల్ గ్లెవి, మైకేల్ క్రెమర్, సిల్వీ మౌలిన్. సగటు మార్కులు పెరగలేదు. అప్పటికే ముందున్న పిల్లలకు మాత్రమే లాభించింది. కారణం విప్పి చూస్తే ఆ పుస్తకాలు ఇంగ్లిష్‌లో ఉన్నాయి. చాలామంది పిల్లలకు అది మూడో భాష. సిలబస్ మొత్తం ముందు వరుస పిల్లలను దృష్టిలో పెట్టుకుని రాసినది. చదవలేని పుస్తకం ఉచితంగా ఇచ్చినా చదవలేని పుస్తకమే.

ఇక్కడే పేద పిల్లల చదువులో అన్నిటికన్నా తక్కువ మాట్లాడుకునే సమస్య ఉంది. ఐదో తరగతిలో కూర్చున్న పిల్ల రెండో తరగతి పాఠం చదవలేకపోవచ్చు. టీచర్ ఐదో తరగతి సిలబస్ పూర్తిచేసే పరుగులో ఉంటారు. ఇద్దరి తప్పూ లేదు, ఒకే గదిలో ఉండి కూడా కలుసుకోరు. ఇంట్లో చదువుకున్నవాళ్లుంటేనో, ట్యూషన్ ఉంటేనో ఆ ఖాళీ అక్కడ పూడుతుంది. లేనివాళ్లకు ప్రతి ఏడాదీ అది ఇంకొంచెం వెడల్పవుతుంది.

మన దేశంలో పిల్లల చదువు కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ ‘ప్రథమ్’ నమూనా ఈ ఖాళీ మీదే గురిపెట్టింది. రోజులో కొంతసేపు తరగతులను పక్కన పెట్టి, పిల్లలను ఇప్పుడు చదవగలిగిన స్థాయిని బట్టి కూర్చోబెడతారు. అక్షరాలు వచ్చినవాళ్లు ఒకచోట, పదాలు చదివేవాళ్లు ఇంకోచోట, పేరాలు చదివేవాళ్లు మరోచోట. స్థాయి పెరిగిన పిల్ల వెంటనే పై గుంపులోకి వెళ్తుంది. దీనికి ముందు రూపమైన పథకాన్ని ముంబయి, వడోదర బడుల్లో పరీక్షించిన అధ్యయనం 2007లో వెలువడింది. వెనుకబడిన పిల్లలకు స్థానిక యువతులు రోజూ విడిగా చెప్పిన ఆ పద్ధతిలో ఫలితాలు స్పష్టంగా మెరుగయ్యాయి. ఆ అధ్యయనకర్తల్లో ఇద్దరు, అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో, తర్వాత 2019లో క్రెమర్‌తో కలిసి ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్నారు.

ఇది విని ఎవరైనా “అంటే పిల్లలను తెలివిని బట్టి సెక్షన్లు చేయమంటున్నారా” అనవచ్చు. సరిగ్గా ఆ అపార్థమే ప్రమాదం. స్థాయి వేరు, ముద్ర వేరు. రోజుకో గంట, ఒక నైపుణ్యానికి, కొన్ని వారాలకోసారి మారే గుంపు ఒకటి. ఏడాది పొడుగునా, అన్ని సబ్జెక్టులకూ, ‘డల్ బ్యాచ్’ అనే పేరుతో నడిచే సెక్షన్ ఇంకొకటి. ఆ రెండో దానికి సాధారణంగా అనుభవం లేని టీచర్‌ను ఇస్తారు, పరీక్షలు దగ్గర పడ్డాక పూర్తిగా వదిలేస్తారు. పేద పిల్లలు అందులో ఎందుకు ఎక్కువగా తేలతారో చెప్పక్కర్లేదు.

ముద్ర ఎంత పని చేస్తుందన్నదానికి రాబర్ట్ రోసెంతాల్, లెనోర్ జేకబ్సన్ 1968లో వెల్లడించిన ప్రయోగాన్ని అందరూ ఉదాహరిస్తారు. లాటరీలా ఎంచిన కొందరు పిల్లలను చూపి “వీళ్లు ఈ ఏడాది బాగా ఎదుగుతారు” అని టీచర్లకు చెబితే, కింది తరగతుల్లో వాళ్లు నిజంగానే ఎక్కువ ఎదిగారట. దాని మీద విమర్శలు చాలా వచ్చాయి, అంత పెద్ద ప్రభావం అన్నిచోట్లా దొరకలేదు. నన్ను కలవరపెట్టేది దానికి తిరగేసిన రూపం. కఠినంగా ఉండే టీచర్ కన్నా జాలిపడే టీచర్ ఒక్కోసారి ఎక్కువ నష్టం చేస్తారు. “పాపం, ఇంట్లో ఎన్ని కష్టాలో, ఈ లెక్క వదిలెయ్యిలే” అన్న మాటలో ప్రేమ ఉంది, కాదనను. ఆ లెక్క మాత్రం ఆ పిల్లకు ఇంకెవరూ చెప్పరు. గడువు సడలించండి, చోటివ్వండి, ఇంకోసారి చెప్పండి. లెక్క మాత్రం వదలకండి.

అదనపు బోధనకు బలమైన ఆధారాలున్నాయి. షికాగో హైస్కూళ్లలో లెక్కల్లో బాగా వెనకబడిన విద్యార్థులకు ఒక ట్యూటర్‌కు ఇద్దరు చొప్పున, బడి వేళల్లోనే, రోజూ ఒక పీరియడ్ చెప్పించారు. మార్కులు గణనీయంగా పెరిగాయి. ‘బడి వేళల్లోనే’ అన్నది ఇందులో కీలకం. సాయంత్రం పెడితే చెల్లెల్ని చూసుకోవలసినవాళ్లు, పనికి వెళ్లవలసినవాళ్లు, బస్సు తప్పితే ఇల్లు చేరలేనివాళ్లు రారు, అంటే ఎవరి కోసం పెట్టారో వాళ్లే రారు. తరగతి పరిమాణం సంగతీ అలాంటిదే. అమెరికాలోని టెనెసీ రాష్ట్రంలో 1985లో మొదలైన ‘స్టార్’ ప్రయోగంలో 13 నుంచి 17 మంది ఉన్న చిన్న తరగతులు 22 నుంచి 25 మంది ఉన్న తరగతుల కంటే మెరుగైన ఫలితాలిచ్చాయి, పేద పిల్లలకు మరీనూ. ఫ్రాన్స్ 2017లో బాగా వెనుకబడిన ప్రాంతాల బడుల్లో ఒకటో తరగతిని సుమారు 12 మందికి కుదించడం మొదలుపెట్టింది. ఇది ఖరీదైన వైద్యం. డబ్బు కొద్దిగానే ఉంటే అన్ని తరగతులకూ పలచగా పూయకుండా మొదటి రెండేళ్ల మీద కుమ్మరించడం మేలు.

ఆలస్యం, హోంవర్క్, సెలవులు

గేటు వేసేయడం బడుల్లో పాత అలవాటు. తొమ్మిది దాటి ఒక్క నిమిషమైనా బయటే. క్రమశిక్షణ నేర్పడానికట. ఆలస్యానికి శిక్షగా పాఠం తప్పించడం, తిండి తక్కువైనవాడికి శిక్షగా పస్తు పెట్టడం లాంటిది. గైర్హాజరుకు కారణాలు అడిగితే ఎంత చిన్నవి బయటపడతాయో! ఒక్కటే జత బట్టలు, అవి ఆరలేదు. కొన్నిచోట్ల బడిలోనే బట్టలుతికే మెషిన్ పెట్టారు. కెన్యాలోని బుసియాలో 1998లో మొదలైన పథకంలో నులిపురుగుల మందు ఇస్తే గైర్హాజరు దాదాపు నాలుగో వంతు తగ్గింది. ఆ అధ్యయనం లెక్కల మీద తర్వాత పెద్ద రగడే జరిగింది. అయినా దాని వెనకున్న ప్రశ్న మాత్రం చెక్కుచెదరలేదు: పిల్ల ఎందుకు రాలేదో తెలుసుకోకుండా శిక్ష ఎలా వేస్తారు?

హోంవర్క్ అనేది ఒక బల్ల, ఒక దీపం, ఒక గంట నిశ్శబ్దం, వీలైతే పక్కన చదువొచ్చిన మనిషి ఉన్నారని ఊహించుకుని ఇచ్చే పని. ఇవేవీ లేని ఇంటికి పంపి, మర్నాడు చేయలేదని నిలబెట్టడం అంటే ఇంటికి మార్కులు వేయడమే. బడి ఇంకో గంట తెరిచి ఉంచి, అక్కడే చేసుకోనిస్తే సగం సమస్య తీరుతుంది. ఫోన్‌లో వచ్చే హోంవర్క్ సంగతి వేరే చెప్పాలా, ఇంట్లో ఒక్క ఫోన్, అది నాన్నతో పనికి పోతుంది.

బాల్టిమోర్‌లోనే 1982లో ఒకటో తరగతిలో చేరిన సుమారు 800 మంది పిల్లలను కార్ల్ అలెగ్జాండర్, డోరిస్ ఎంట్విసిల్ ఏళ్ల తరబడి అనుసరించారు. బడి నడిచే నెలల్లో పేద, ధనిక పిల్లలు దాదాపు ఒకే వేగంతో నేర్చుకున్నారు, తేడా సెలవుల్లో పెరిగింది అన్నారు వాళ్లు. బడి తెరిచినప్పుడు కుళాయి అందరికీ తిరుగుతుంది, మూసినప్పుడు కొన్ని ఇళ్లలోనే నీళ్లొస్తాయి అన్నది వాళ్ల పోలిక. ఈ మధ్య పాల్ వాన్ హిపెల్ వంటివాళ్లు ఆ లెక్కలు అప్పటి పరీక్షల తీరును బట్టి అలా వచ్చి ఉండవచ్చని, తేడాలో ఎక్కువ భాగం బడిలో చేరకముందే ఏర్పడుతుందని వాదిస్తున్నారు. ఎవరి మాట నెగ్గినా సెలవుల్లో పుస్తకాల గదికి తాళం వేయడానికి మాత్రం ఏ కారణమూ మిగలదు.

తల్లిదండ్రులు మీటింగులకు రారన్న ఫిర్యాదు కూడా ఇలాంటిదే. పనిరోజున, పని వేళలో పెట్టిన మీటింగ్‌కు హాజరు కావాలంటే ఆ రోజు కూలి వదులుకోవాలి. తీరా వెళ్తే వినబోయేది తన బిడ్డ గురించి నాలుగు ఫిర్యాదులు, తనకు సగమే అర్థమయ్యే భాషలో. నేనైనా వెళ్లనేమో.

బడి చేతిలో లేనివి

ఇవన్నీ చేసినా బడి ఇంటి అద్దె కట్టలేదు, నాన్నకు పని చూపించలేదు. మెక్సికోలో 1997లో మొదలైన ‘ప్రొగ్రెసా’ పథకం అది ఒప్పుకున్నట్టే నడిచింది. పిల్లలు బడికి వస్తే తల్లి చేతికి నగదు ఇచ్చింది. హైస్కూలు వయసుకు వచ్చాక ఎక్కువ, అందులోనూ ఆడపిల్లలకు ఇంకాస్త ఎక్కువ, ఎందుకంటే బడి మానేసేది ఆ మలుపులోనే. చేరికలు పెరిగాయి, ముఖ్యంగా ఆ మలుపు దగ్గర. అది ప్రభుత్వం చేయగలిగిన పని, హెడ్‌మాస్టర్ చేయగలిగినది కాదు. టీచర్లను ఇంట్లో పరిస్థితులన్నీ చక్కదిద్దే సంఘసేవకులను చేసేయాలన్న ఉత్సాహం నాకు లేదు. వాళ్ల భుజాల మీద ఇప్పటికే మోయలేనన్ని రిజిస్టర్లున్నాయి. సాయం చేసే మరో మనిషి బడిలో ఉండాలి. ఏ కుటుంబానికి ఏ ఆఫీసులో ఏ హక్కు ఉందో తెలిసి, ఆ దరఖాస్తు పక్కన కూర్చుని నింపిపెట్టే మనిషి.

అంత మనిషిని పెట్టే స్తోమత లేని బడి కూడా పైసా ఖర్చు లేకుండా మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. ఏడాది క్యాలెండర్ ముందేసుకుని, పిల్లలను అడుగుతూ, ఏయే రోజు ఎవరికి డబ్బు లేదన్న సంగతి తరగతికంతటికీ తెలిసిపోతోందో గుర్తు పెట్టుకోవాలి. ఆపైన ఒక్కొక్కదాన్నీ మార్చుకుంటూ పోవాలి. పసుపు బట్టల రోజున ఒక పసుపు కాగితం పువ్వు, అదీ బడిలోనే అందరూ కలిసి కత్తిరించుకున్నది. విహారయాత్రకు, విరాళానికి ప్రతి పిల్లకూ ఒకే రకం మూసిన కవరు, మీద పేరు రాయరు. ఇంటికి తీసుకెళ్లిన ప్రతి ఒక్కరూ ఆ కవరు అంటించి తిరిగి పెట్టెలో వేయాలి, లోపల ఏమీ లేకపోయినా సరే.